హోసూరు సీమలో మూడు బడులు

బెంగుళూరు నుంచి కృష్ణగిరి వైపు పోయే పెద్దరోడ్డు మీద సుమారు 40 కిలోమీటర్లు ప్రయాణం చేస్తే హోసూరు వస్తుంది. అత్తిబెలె దాటి జూజువాడి దగ్గర రాష్ట్రపు ఎల్ల దాటగానే అంగళ్ళ బోర్డుల మీద కన్నడం పోయి తమిళం వస్తుంది. మనుషుల నోళ్ళలో మాత్రం ఆ మార్పు అంత చప్పున రాదు. టీకొట్టు ముందు బెంచీ మీద తెలుగూ కన్నడమూ తమిళమూ పక్కపక్కనే కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ ఉంటాయి. పాతకాలపు వాళ్ళు ఈ ప్రాంతాన్నంతా కలిపి మొరసునాడు అనేవారు. బాగలూరు, బేరికె, శూలగిరి, కెలమంగళం, తళి, డెంకణికోట, ఏ దిక్కుకు పోయినా రాగిచేలూ, గులాబీ తోటలూ, వాటి నడుమ తెలుగు పలకరింపులూ తప్పవు.

హోసూరు ఒకప్పుడు సేలం జిల్లాలో తాలూకా. 1956లో భాషారాష్ట్రాలు ఏర్పడినప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే నిలిచిపోయింది. 1965లో ధర్మపురి జిల్లాలోకి, 2004లో కృష్ణగిరి జిల్లాలోకి వచ్చింది. 2019లో నగరపాలక సంస్థ అయింది. జిల్లా పేరు రెండుసార్లు మారినా, ఊరు పెరిగి ఫ్యాక్టరీలు వచ్చినా, ఈ పల్లెల్లో ఇంటి భాష మాత్రం మారలేదు.

హోసూరుకు వచ్చేవారు సాధారణంగా కొండమీది చంద్రచూడేశ్వరస్వామిని దర్శించుకుంటారు. లేదా సిప్కాట్ పేటలోని కార్మాగారాలలో పని చూసుకుని పోతారు. మేము ముగ్గురం బడులు చూడటానికి వెళ్ళాము. మన సంఘంలో ప్రతి వేసవిలోనూ వినవచ్చే ప్రశ్న ఒకటి ఉన్నది. “పిల్లవాణ్ణి ఏ బడిలో వేయమంటారు? తెలుగులోనా, తమిళంలోనా, ఇంగ్లీషులోనా?” దీనికి ఇంట్లో కూర్చుని జవాబు చెప్పడం సులువు. బడి గుమ్మం ఎక్కి చూసి చెప్పాలనే కోరికతో రెండు రోజులు తిరిగాము. మూడూ ప్రభుత్వ పాఠశాలలే. ఊళ్ళ పేర్లు వ్రాయడం లేదు. ఒక బడిని పొగిడి మరొకదాన్ని తెగడటం మా ఉద్దేశం కాదు; పైగా అక్కడి ఉపాధ్యాయులు మమ్మల్ని నమ్మి మనసువిప్పి మాట్లాడారు.

మొదటిది పల్లెటూరి తెలుగు ప్రాథమిక పాఠశాల. వేపచెట్టు నీడన రెండు గదులు, ముందు సిమెంటు వసారా. ఐదు తరగతులకు ఇద్దరు అయివార్లు. పిల్లలు ఇరవై పైచిలుకు. గోడ మీద అ ఆ ఇ ఈలు ఒక వైపు, తమిళ అక్షరాలు రెండో వైపు, ఇంగ్లీషు అక్షరాలు కిటికీ పైన. మేము పోయినప్పుడు ఒకటి, రెండు, మూడు తరగతులు ఒకే చాప మీద కూర్చున్నవి. అయివారు ఒకటో తరగతికి పలక మీద గుణింతం పెట్టించి, మూడో తరగతికి కూడికలు ఇచ్చి, రెండో తరగతి చేత పాఠం చదివిస్తున్నారు. కుండల సాములో మూడు కుండలూ ఒకేసారి గాలిలో ఉన్నట్లుగా ఉన్నది ఆయన పని. ఐనా ఒక్క పిల్లా దిక్కులు చూడలేదు. మూడో తరగతి పిల్లను లేపి చదవమంటే, తడుముకోకుండా ఒక పేజీ చదివి, మధ్యలో వచ్చిన “ఎండ్రకాయ” అంటే ఏమిటో చేతులతో నడిపించి చూపించింది. చదివినది తన మాటే కనుక అర్థం వేరే చెప్పించుకోవలసిన అవసరం ఆ పిల్లకు లేదు. మాతృభాషలో బోధన ఎందుకో చెప్పడానికి మేము చదివిన వ్యాసాలన్నిటికంటె ఆ పిల్ల చేతివేళ్ళు మాకు బాగా తెలియజెప్పాయి.

ఇంత మంచి బడిలో ఇరవై మందేనా? బిడ్డను దింపడానికి వచ్చిన ఒక తల్లిని అడిగాము. ఆమె చిన్నబిడ్డ ఇక్కడ రెండో తరగతి. పెద్దబిడ్డను మాత్రం పక్కూరి తమిళ బడికి మార్చింది.

“మాకు తెలుగు వద్దని కాదన్నా. ఐదు అయినంక ఆరుకు ఏడికి పంపల్ల? ఆడబిడ్డ. పెద్దరోడ్డు దాటి బస్సెక్కి హోసూరికి పోవల్ల. పక్కూరి బడి ఎనిమిది దంకా ఉండాది. నడిచి పోయి నడిచి వస్తుంది” అన్నదామె.

మేము మరి మాట్లాడలేకపోయాము. ఆమె చెప్పిన దానిలో భాషాభిమానం లేకపోవడం ఎక్కడా లేదు. ఉన్నది దారి లెక్క మాత్రమే.

రెండవది ఆ పక్కూరి తమిళ మాధ్యమిక పాఠశాల, ఎనిమిదో తరగతి వరకు. భవనం కొంచెం పెద్దది, ఆటస్థలం ఉన్నది, ఉపాధ్యాయులు ఎక్కువమంది. ఆరో తరగతిలో “ఇంట్లో తెలుగు మాట్లాడేవారు చేతులెత్తండి” అంటే సగానికి పైగా చేతులు లేచినవి. వారిని తమిళం చదవమంటే గలగలా చదివారు. దస్తూరీ ముత్యాల్లా ఉన్నది. మా సంచిలో ఉన్న మన సంఘ పత్రికను చేతికిస్తే అటూ ఇటూ తిప్పి, బొమ్మలు చూసి, నవ్వుతూ తిరిగి ఇచ్చారు. ఒక్క పిల్లవాడు మాత్రం పేరులోని మొదటి రెండక్షరాలు కూడబలుక్కున్నాడు. అవ్వ నేర్పిందట.

అక్కడి ఉపాధ్యాయురాలు తమిళులు. చాలా నెమ్మదస్తురాలు. ఆమె తనంతట తాను తెలుగు మాట్లాడటం నేర్చుకున్నారు. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి ఏడాది తెలుగులో చెప్పి, తరువాత తమిళంలో చెబుతారట. “ఇంటి మాటలో చెప్పకపోతే లెక్క కూడా ఎక్కదు సార్” అన్నారామె. ఈ మాట ఒక తమిళ ఉపాధ్యాయురాలి నోట విని మాకు ఎంతో గౌరవం కలిగింది.

ఆ బడి ముందు కిరాణా దుకాణం పెట్టుకున్న ఒక తండ్రి మరో కారణం చెప్పాడు. “సర్కారు ఉద్యోగాల్లో తమిళంలో చదివినోళ్ళకి నూటికి ఇరవై ఉండాది కదన్నా. అది వదులుకోమంటారా?” ఈ మాట నిజమే. తమిళ మాధ్యమంలో చదివినవారికి రాష్ట్ర ప్రభుత్వోద్యోగాలలో 20 శాతం ప్రాధాన్యం ఇస్తూ 2010లో చట్టం వచ్చింది. 2020లో దాన్ని సవరించి, ఆ చదువు ఒకటో తరగతి నుంచీ తమిళంలోనే సాగి ఉండాలన్నారు. అంటే ఆరేళ్ళ బిడ్డను ఏ చాప మీద కూర్చోబెట్టాలనే దానిలోనే ఇరవై ఏళ్ళ తరువాతి ఉద్యోగపు లెక్క ఇమిడి ఉన్నదన్నమాట. దుకాణం తండ్రి ఆ లెక్కను మనకంటె బాగా చదువుకున్నాడు.

మూడవది హోసూరు పట్టణంలోని ఒక ఉన్నత పాఠశాల. ఒకే ప్రహరీ లోపల తమిళ, తెలుగు, ఇంగ్లీషు సెక్షనులు. తమిళనాడు ప్రభుత్వ పాఠశాలల్లో 2013 నాటి నుంచి ఇంగ్లీషు సెక్షనులు విరివిగా తెరిచారు. ఇక్కడ ఆ గది నిండి పక్క గదిలోకి కూడా పొంగింది. తమిళ గది నిండుగా ఉన్నది. తెలుగు గదిలో మాత్రం వెనుక బెంచీలు ఖాళీ. ఉన్నవారిలో ఎక్కువమంది మేము మొదట చూసినటువంటి పల్లెల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేవారే. సైన్సు చెప్పే తెలుగు ఉపాధ్యాయులు బదిలీపై వెళ్ళి, కొత్తవారు ఇంకా రాలేదు. లెక్కల మాష్టారే రెండూ లాక్కొస్తున్నారు. పదో తరగతి అయిన తరువాత ఏమి చేస్తారని అడిగితే, పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ బడిలో పదకొండో తరగతికి తెలుగు సెక్షను లేదు. పదేళ్ళు తెలుగులో చదివిన భౌతికశాస్త్రాన్ని అక్కడి నుంచి ఇంగ్లీషులోనో తమిళంలోనో అందుకోవాలి.

హెడ్మాస్టరు గారు మాకు చెప్పిన మాట ఈ వ్యాసానికంతటికీ ముడి వంటిది. “తెలుగు సెక్షను మూయమని ఎవరూ ఉత్తరువు పంపరు సార్. పిల్లలు తగ్గుతారు. పిల్లలు తగ్గారని పోస్టు పోతుంది. పోస్టు లేదని మరుసటేడు పిల్లలు రారు. మూత అంటే అదే.”

ఇక మూడు బడులనూ పోల్చి చూద్దాం.

ముందు సమానంగా ఉన్నవి చెప్పడం న్యాయం. మధ్యాహ్న భోజనం మూడింటిలోనూ ఒకటే. కామరాజ్ నాడార్ గారు 1956లో ఆరంభించి, ఎం.జి.ఆర్. గారు 1982లో విస్తరింపజేసిన ఆ ఏర్పాటులో భాషాభేదం లేదు. 2022లో మొదలై 2023 ఆగస్టులో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ విస్తరించిన ఉదయపు ఫలహారం మొదటి బడి పిల్లలకూ అందినదే. ఉచిత పుస్తకాలు, యూనిఫారం అందరికీ కద్దు. తమిళనాడు పాఠ్యపుస్తక సంస్థ తెలుగు మాధ్యమానికి వేరే పుస్తకాలు అచ్చువేస్తుంది. ఆరు నుంచి పన్నెండు వరకు ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి వైద్య కళాశాలల సీట్లలో 7.5 శాతం కేటాయిస్తూ 2020లో చేసిన చట్టం కూడా ఏ మాధ్యమమని అడగదు. కనుక “తెలుగు బడి పిల్లలకు ఏమీ ఇవ్వరు” అని మన సభల్లో అప్పుడప్పుడు వినవచ్చే మాట సరికాదు.

తేడా ఉన్నది మూడు చోట్ల. పై తరగతి ఎంత దూరంలో ఉన్నది, పాఠం చెప్పే మనిషి ఉన్నాడా, తరగతిలో ఎందరున్నారు. ఈ మూడూ మూడు వేరు వేరు జబ్బులు కావు. ఒకదాని వెనుక ఒకటి వచ్చేవి.

భాషాపాఠం వేరు, బోధనా మాధ్యమం వేరు అని మనవాళ్ళు చాలామంది గమనించరు. 1968 జనవరిలో ఈ రాష్ట్ర శాసనసభ తమిళం, ఇంగ్లీషు రెండే చాలునని తీర్మానించింది. దాని వెనుక పాత గాయం ఉన్నది. హోసూరు పక్కన తొరపల్లిలో పుట్టి, హోసూరు ప్రభుత్వ పాఠశాలలో చదువుకున్న రాజాజీ గారే ప్రధానమంత్రిగా 1938లో మద్రాసు రాజధానిలో హిందీని నిర్బంధం చేయగా పెద్ద ఆందోళన రేగి 1940లో దాన్ని ఎత్తివేయవలసి వచ్చింది. ఆ గాయం తెలిసినవారికి రెండు భాషల పట్టుదల ఎందుకో అర్థమవుతుంది. కాని రెండే పీటలు వేసిన పంక్తిలో మూడవవాడు ఎక్కడ కూర్చోవాలి? 2006కు ముందు తెలుగు పిల్లలు మొదటి భాష పీట మీద తెలుగును కూర్చోబెట్టుకునేవారు. ఆ ఏడు వచ్చిన తమిళ బోధన చట్టం ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కొక్క తరగతిగా తమిళాన్ని తప్పనిసరి చేసుకుంటూ 2015–16 నాటికి పదో తరగతికి చేరింది. తెలుగు ఐచ్ఛిక భాషగా వెనుక వరుసకు జరిగింది.

తమిళం నేర్వడం మనకు అభ్యంతరం కాకూడదు. ఈ నేల మీద పంట అమ్ముకునేవాడికి, ఆసుపత్రికి పోయేవాడికి, తాలూకా కచేరీలో అర్జీ ఇచ్చేవాడికి తమిళం రావలసిందే. కష్టం వచ్చింది మరొక చోట. చాలా బడులలో తమిళం చెప్పే ఉపాధ్యాయుడు రాకముందే పరీక్ష వచ్చి కూర్చున్నది. అందుచేతనే అల్పసంఖ్యాక భాషల విద్యార్థులు న్యాయస్థానానికి పోయారు. 2016లో మద్రాసు హైకోర్టు ఆ పిల్లలకు తమిళ పరీక్ష నుంచి మినహాయింపు ఇచ్చింది; 2019లో 2020 నుంచి 2022 వరకు వ్రాసేవారికి ఇచ్చింది; 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మరో ఏడాది పొడిగించింది. ఏటేటా మినహాయింపు కోసం వకీలు గుమ్మం ఎక్కడం చదువుకు పునాది కాజాలదు. మినహాయింపు పరీక్షను దాటిస్తుంది గాని పాఠం చెప్పదు.

మరి పునాది ఏది? రాజ్యాంగానికి 1956లో చేసిన ఏడవ సవరణ 350ఎ అధికరణాన్ని చేర్చింది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైనవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సౌకర్యం కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలన్నది దాని సారాంశం. అంతకు ముందే, 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రులు సమావేశమై ఒక లెక్క నిర్ణయించారు. బడి మొత్తం మీద 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ భాష పిల్లలుంటే, ఆ భాషలో చెప్పే ఉపాధ్యాయుణ్ణి నియమించాలి. పది, నలభై. ఈ రెండంకెలూ మన సంఘ సభ్యులు ప్రతి ఒక్కరూ నోటికి నేర్చుకోదగినవి. మొదటి బడిలోని ఆ చాప మీద, మూడవ బడిలోని ఆ ఖాళీ బెంచీల మీద ఊగుతున్నవి ఈ అంకెలే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఏ బడిలో వేయాలి? మా మటుకు మాకు తోచినది ఇది. బడిని గదిగా చూడకండి, మెట్ల వరుసగా చూడండి. మొదటి బడిలో చదువు మిగతా రెండింటికంటె లోతైనది. కాని అది ఐదు మెట్లు కట్టి ఆగిన నిచ్చెన. రెండవ బడిలో మెట్లున్నాయి. మొదటి మెట్టు మాత్రం పిల్లవాడి ఎత్తుకు మించినది. దానిని దాటించింది ఒక దయగల ఉపాధ్యాయురాలి తెలుగే. మూడవ బడిలో పది మెట్లున్నాయి, మధ్యలో ఒకటి వదులైంది, పైన మేడ లేదు. తల్లిదండ్రులు ఎక్కుతున్నది తెగని నిచ్చెన కోసం. వారిని భాషాద్రోహులని తిట్టే హక్కు మనకు లేదు. ముఖ్యంగా, మన పిల్లలను వ్యాన్లలో ప్రైవేటు ఇంగ్లీషు బడులకు పంపుతూ వారిని తిట్టే హక్కు బొత్తిగా లేదు.

అయితే చేతులు ముడుచుకు కూర్చోవలసిన పని కూడా లేదు. మేము చూసినంతలో చేయదగినవి నాలుగు కనిపించినవి.

ఒకటి, ఐదో తరగతి దాటిన పిల్లలకు దారి. రెండు మూడు పల్లెల పిల్లలను ఒక జట్టుగా కూర్చి, ఊరి పెద్దమనిషి ఒకరు తోడుగా బస్సు ఎక్కించి దింపే ఏర్పాటు ఉంటే ఆ తల్లి చెప్పిన కారణం సగం తీరుతుంది. దీనికి కోర్టూ వద్దు, చట్టమూ వద్దు.

రెండు, లెక్క. ప్రతి వేసవిలోనూ, బడులు తెరవక ముందే, ఏ ఊళ్ళో ఐదేళ్ళు నిండిన తెలుగు పిల్లలు ఎందరున్నారో ఇల్లిల్లూ తిరిగి జాబితా వ్రాయాలి. పది మంది ఉన్న చోట ఆ జాబితాతోనే విద్యాధికారికి అర్జీ పెట్టాలి. “తెలుగును కాపాడండి” అనే అర్జీకి జవాబు రాకపోవచ్చు. పది మంది పిల్లల పేర్లున్న అర్జీని పక్కన పెట్టడం అంత సులువు కాదు.

మూడు, ఖాళీలు. ఏ బడిలో ఏ పోస్టు ఎన్నాళ్ళుగా ఖాళీగా ఉన్నదో మన పత్రికలో ఏటా ఒకసారి అచ్చువేయవచ్చు. తెలుగు మాధ్యమంలో చదివి ఉపాధ్యాయ శిక్షణ పొందగోరే యువతకు సంఘం ఉపకారవేతనం ఇవ్వవచ్చు. ఎనభై మైళ్ళ లోపలే ఉన్న కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలిసింది. తెలుగులో పైచదువు కావలసినవారికి అది దూరదేశం కాదు.

నాలుగు, తమిళంలోనూ ఇంగ్లీషులోనూ చదివే మన పిల్లల మాట. వీరే ఇప్పుడు ఎక్కువ. రెండవ బడిలో పత్రికను తిప్పి చూసి తిరిగి ఇచ్చేసిన ఆ పిల్లలకు తెలుగు రాకపోవడం లేదు; అక్షరం మాత్రమే రాదు. మాట వచ్చినవాడికి అక్షరం నేర్పడం కొన్ని నెలల పని. ఆదివారం ఒక గంట, గుడి మంటపంలోనో ఎవరి వసారాలోనో చాలు. ఆ కుర్రవాడి అవ్వ ఒక్కతే రెండక్షరాలు నేర్పగలిగినప్పుడు, ఇంతమంది ఉన్న సంఘం మిగతావి నేర్పలేదా?

హోసూరు సీమకు పోయే సభ్యులు ఈసారి కొండ దిగిన తరువాత ఒక పూట ఆగి, ఏదో ఒక పల్లె బడికి వెళ్ళి రావలసిందిగా కోరుతున్నాము. అక్కడి అయివార్లను పలకరించండి. ఒకటో తరగతిలో ఎందరున్నారో లెక్కపెట్టండి. పది మంది ఉంటే సంతోషించండి. తొమ్మిది మంది ఉంటే ఆ ఊళ్ళో పదోవాడు ఏ ఇంట్లో ఉన్నాడో కనుక్కునే వరకు బస్సెక్కకండి.